రెండు నౌకల్లోనూ రాడార్ ఉండగా ఆండ్రియా డోరియా ప్రమాదం ఎలా జరిగింది?

రాడార్‌లో ముందే కనిపించిన రెండు ప్రయాణికుల నౌకలు నడిసముద్రంలో ఎలా ఢీకొన్నాయి, తప్పు ఎవరిది అని అడిగారు. నేను విశాఖవాణ్ణి. మర్చంట్ నేవీలో డెక్ ఆఫీసర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. నాకు తెలిసినంత వరకు చెబుతాను.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ తన పెద్ద ప్రయాణికుల నౌకల్లో చాలావాటిని పోగొట్టుకుంది. అందుకే జెనోవాలో కట్టి, 1953 జనవరిలో తొలి ప్రయాణానికి పంపిన ఆండ్రియా డోరియా ఇటలీవాళ్లకు గర్వకారణం. జెట్ విమానాల్లో అట్లాంటిక్ దాటడం 1958లో గానీ మొదలుకాలేదు, కాబట్టి అప్పటికి నౌకలు ఇంకా జనంతో నిండుగానే తిరుగుతున్నాయి.

1956 జూలై 25 రాత్రి డోరియా 1,706 మందితో న్యూయార్క్ వైపు వస్తోంది. అమెరికా తీరంలోని నాన్‌టకెట్ దీవికి దక్షిణాన దట్టమైన పొగమంచు. అయినా వేగం గంటకు దాదాపు 22 నాటికల్ మైళ్లు. ఎదురుగా స్వీడన్ నౌక స్టాక్‌హోమ్ 18 మైళ్ల వేగంతో వస్తోంది. రెండూ కలిపితే మూడు నిమిషాలకు రెండు మైళ్ల దూరం తరిగిపోతుంది. పదిహేడు మైళ్ల దూరంలో రాడార్‌లో కనిపించిన నౌక పాతిక నిమిషాల్లో మీద పడుతుందన్నమాట.

రాడార్ తెర మీద మన ఓడ ఎప్పుడూ మధ్యలో కదలకుండా ఉన్నట్టే కనిపిస్తుంది. అవతలి చుక్క కదలికలో దాని వేగమూ మన వేగమూ కలిసిపోయి ఉంటాయి. కాబట్టి చుక్కను చూసినంత మాత్రాన ఆ ఓడ ఎటు వెళ్తోందో తెలియదు. నేను క్యాడెట్‌గా ఉన్నప్పుడు మా కెప్టెన్ పొగమంచులో నా చేతికి మైనపు పెన్సిల్ ఇచ్చి చుక్క ఉన్నచోట గుర్తు పెట్టించేవారు. ఆరు నిమిషాల తరువాత మరో గుర్తు, ఇంకో ఆరు నిమిషాలకు మూడోది. ఆరు నిమిషాలంటే గంటలో పదో వంతు, కాబట్టి రెండు గుర్తుల మధ్య దూరాన్ని పదితో గుణిస్తే చాలు, తెర మీద ఆ చుక్క గంటకు ఎంత వేగంతో కదులుతోందో తెలుస్తుంది. మూడు గుర్తులూ ఒక గీతలో కలిసి ఆ గీత తెర మధ్యకు వస్తుంటే ఆయన ఇంకేమీ అడగరు, ఓడను తిప్పమంటారు. అది కూడా కొద్దిగా కాదు, బాగా.

ఆ రాత్రి డోరియా బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో, ఈ గుర్తులు ఎవరూ పెట్టలేదు. ఎదుటి నౌక తమకు కాస్త కుడివైపు ఉందనిపించి, మధ్య దూరం పెంచడానికి డోరియా కెప్టెన్ పియెరో కలమాయ్ నాలుగు డిగ్రీలు ఎడమకు తిప్పించారు. స్టాక్‌హోమ్‌లో ఆ సమయంలో డ్యూటీలో ఉన్న థర్డ్ ఆఫీసర్ లెక్క ప్రకారం డోరియా ఎడమవైపు ఉంది, ఆయన కుడికి తిప్పారు. ఎదురెదురుగా వస్తున్న ఓడల్లో ఒకదానికి రెండోది కుడివైపు ఉంటే, రెండోదానికీ మొదటిది కుడివైపే ఉండాలి. కాబట్టి ఇద్దరిలో ఒకరి అంచనా తప్పి ఉండాలి. నాలుగు డిగ్రీల మలుపు అవతలి రాడార్‌లో కంటికి ఆనదు. చివరి నిమిషాల్లో దీపాలు కనబడ్డాక డోరియా పూర్తిగా ఎడమకు, స్టాక్‌హోమ్ పూర్తిగా కుడికి తిరిగాయి. 11 గంటల 10 నిమిషాలకు, మంచుగడ్డలను తట్టుకునేలా గట్టిగా కట్టిన స్టాక్‌హోమ్ ముక్కు డోరియా కుడి పక్కను చీల్చింది.

అయినా అంత పెద్ద నౌక మునగడానికి ఇంకో కారణం ఉంది. ప్రయాణం చివరికి ఇంధనం ట్యాంకులు ఖాళీ అయ్యాయి. వాటిలో సముద్రపు నీరు నింపి బరువు నిలపాలి, నింపలేదు. చీలిన పక్క ట్యాంకుల్లోకి నీరు వచ్చింది, రెండో పక్క ట్యాంకుల్లో గాలే ఉంది. నిమిషాల్లోనే నౌక 18 డిగ్రీలకు మించి ఒరిగింది. ఎడమవైపున్న ఎనిమిది లైఫ్‌బోట్లు దించడానికి వీల్లేకపోయింది. ఫ్రెంచి నౌక ఇల్ ద ఫ్రాన్స్ వెనక్కి తిరిగి వచ్చి 753 మందిని ఎక్కించుకుంది. రెండు నౌకల్లో కలిపి 51 మంది చనిపోయారు. మర్నాడు ఉదయం డోరియా మునిగిపోయింది.

ఇప్పుడు మేము పాటించే 1972 అంతర్జాతీయ నిబంధనల్లో ఈ తప్పులన్నిటికీ సూటిగా నిషేధం ఉంది: అరకొర రాడార్ సమాచారంతో అంచనాలకు రావద్దు, చిన్న చిన్న మలుపులు వరసగా తిప్పవద్దు, మంచులో ముందున్న ఓడ కోసం ఎడమకు తిరగడం మానాలి.

తప్పు ఎవరిదంటే, న్యాయస్థానం తేల్చలేదు. రెండు కంపెనీలూ 1957 జనవరిలో రాజీపడి విచారణ ఆపేశాయి. కలమాయ్ మళ్లీ నౌక నడపలేదు. ఆయన ఒక్కరి మీద నింద వేయడం అన్యాయమని నా నమ్మకం. కానీ ఆ మంచులో ఆ వేగాన్ని, ఆ ఎడమ మలుపును నేను సమర్థించలేను.