పటిక బెల్లం కట్టేంత ఓపిక ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం. ఆర్గానిక్ సెమీకండక్టర్ క్రిస్టల్ ఫిల్మ్‌ల మీద పరిశోధన చేస్తానంటోంది. మాకు ఆ పేరే కొత్త. ఉద్యోగం వస్తుందా అని టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి, కాకినాడ

సమాధానం: పేరు కొత్తదే కానీ వస్తువు మీ జేబులోనే ఉండొచ్చు. ఫోన్లలోని ఓఎల్‌ఈడీ తెరలు వెలిగేది ఆర్గానిక్, అంటే కార్బన్ ఆధారిత సెమీకండక్టర్ పదార్థాలతోనే. 1987లో కొడాక్ కంపెనీలో టాంగ్, వాన్ స్లైక్ చేసి చూపిన పరికరం ఈ తెరలకు దారి వేసింది. అయితే ఆ తెరల పొరల్లో అణువులు చాలావరకు చెల్లాచెదురుగా ఉంటాయి. మీ అమ్మాయి అంటున్నది అణువులన్నీ బారులు తీరిన పొరల సంగతి. రూబ్రీన్ అనే పదార్థం మంచి స్ఫటికంగా పెరిగితే, అందులో విద్యుత్ చార్జి కదలిక ఎల్‌సీడీ తెరల్లో వాడే అమార్ఫస్ సిలికాన్ (అణువులు క్రమంగా అమరని సిలికాన్) కంటే పది రెట్లు పైగానే ఉంటుంది.

చిక్కంతా పెంచడంలోనే ఉంది. పటిక బెల్లం చూడండి. పాకాన్ని కదపకుండా రోజుల తరబడి వదిలేస్తేనే పెద్ద పలుకులు కడతాయి, గబగబా కలిపితే పంచదార రవ్వే మిగులుతుంది. ఇక్కడా అంతే. వేడి పలక మీద ఆ పదార్థం కలిపిన ద్రావణం చుక్క వేసి, దాని మీదుగా బ్లేడును చాలా నెమ్మదిగా లాగుతారు. ద్రావణం ఆరే వేగానికి బ్లేడు వేగం కుదరాలి. కుదిరిందో లేదో పోలరైజ్డ్ మైక్రోస్కోపు (ఒకే దిశలో కంపించే కాంతితో చూసే మైక్రోస్కోపు) చెబుతుంది. పలకను తిప్పుతుంటే పొర మొత్తం ఒక్కసారిగా నల్లబడితే అది ఒకే స్ఫటికం. ముక్కముక్కకీ వేర్వేరుగా నల్లబడితే మళ్లీ మొదటికే, ఎందుకంటే ఆ ముక్కల అంచుల దగ్గరే చార్జి చిక్కుబడిపోతుంది. నెలల తరబడి సాగే ఈ పని మీద మనసున్నవాళ్లకే ఈ రంగం నప్పుతుంది.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. బీఎస్సీతో కుదరదు, పీహెచ్‌డీ దాకా చదవాలి. ఇప్పటి నుంచి ఎనిమిదేళ్లు అనుకోండి. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది. ఓఎల్‌ఈడీ తెరల తయారీ ఎక్కువగా కొరియా, చైనాల్లోనే. మన దగ్గర అవకాశాలు ప్రధానంగా పరిశోధనశాలల్లో, యూనివర్సిటీల్లో ఉంటాయి. కానీ పల్చటి పొరలు వేయడం, ఎక్స్‌రేతో పరీక్షించడం చేతికొస్తే సోలార్, చిప్ కంపెనీల్లోనూ పనికొస్తుంది.

ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. అంతకుముందే సైన్స్ అకాడమీలు ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు అప్లై చేయించండి. రెండు నెలలు ల్యాబ్‌లో ఉండి వచ్చాక ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. పాడైన ఫిల్మ్‌ల గురించి కూడా ఉత్సాహంగా చెబుతుంటే, నిశ్చింతగా జామ్ కోచింగ్‌కు పంపండి.