భర్త వీసా మీద వచ్చిన అమ్మాయికి ఆశ్రయం దొరుకుతుందా?

హెచ్-1బి అనే ఉద్యోగ వీసా ఉన్నవారి భార్యకు ఇచ్చే హెచ్-4 వీసా మీద అమెరికాకు వచ్చి, భర్త చేతి దెబ్బలు ఓర్చుకుంటూ నోరు మెదపని అమ్మాయిలు తరచుగా చెప్పే కారణం ఒకటే: "పోలీసులకు చెబితే నా వీసా పోతుందట." ఆ మాట ఆమె చెవిన వేసింది చాలాసార్లు ఆ భర్తే. నిజానికి అతను రద్దు చేయిస్తానన్నంత మాత్రాన ఆమె హోదా రద్దు కాదు. అతని హెచ్-1బి, ఆమె ఐ-94 (దేశంలో ఎప్పటివరకు ఉండవచ్చో తెలిపే పత్రం) గడువు కొనసాగుతున్నంత కాలం, విడాకుల తీర్పు వెలువడనంత వరకు, విడిగా ఉన్న కారణంగా హెచ్-4 పోదు. ఆశ్రయ గృహంలో చేరడానికైనా, కోర్టులో రక్షణ ఉత్తర్వు కోరడానికైనా ఏ వీసా మీద ఉన్నారన్నది అడ్డు కాదు.

ప్రాణాపాయం ఉన్నప్పుడు 911కే ఫోన్ చేయాలి. ఆలోచించుకునే వ్యవధి ఉంటే 1-800-799-7233 అనే జాతీయ సహాయ నంబరులో రాత్రీపగలూ మనుషులుంటారు. ఇంగ్లీషు తడబడితే "తెలుగు" అన్న ఒక్క మాట చెప్పి దుబాసీని అడగవచ్చు. సురక్షితమైన చోటు నుంచే మాట్లాడుతున్నారా అని వారు ముందుగా అడిగి తెలుసుకుంటారు. మన కుటుంబాల తీరు, అత్తమామల ఒత్తిడి, కట్నం గొడవలు విడమరిచి చెప్పనవసరం లేకుండానే అర్థం చేసుకునే దక్షిణాసియా సంస్థలు కూడా ఉన్నాయి: న్యూజెర్సీలో 1985 నుంచి పనిచేస్తున్న మానవి, షికాగోలో అప్నా ఘర్, హ్యూస్టన్‌లో దయ, డల్లాస్‌లో చేతన, కాలిఫోర్నియా బే ఏరియాలో మైత్రి. ఆశ్రయ గృహాల చిరునామా గోప్యంగా ఉంచుతారు, పిల్లలను వెంట తీసుకెళ్ళవచ్చు. అయితే అత్యవసర గృహంలో ఉండనిచ్చేది సాధారణంగా కొద్ది వారాలే కనుక, ఆ తరువాత ఎక్కడ ఉండాలన్నది చేరిన నాడే అక్కడి కార్యకర్తతో మాట్లాడుకోవాలి.

ఫోన్ విషయంలో చాలా జాగ్రత్త అవసరం. ఇద్దరికీ ఒకే ఫ్యామిలీ ప్లాన్ ఉంటే మీరు చేసిన నంబర్లు అతనికి బిల్లులో కనిపించవచ్చు, లొకేషన్ కూడా తెలిసిపోవచ్చు. అందువల్ల స్నేహితురాలి ఫోన్ నుంచి మాట్లాడండి. పాస్‌పోర్టు, ఐ-94, పెళ్ళి సర్టిఫికెట్, పిల్లల జనన పత్రాలు, గాయాల ఫొటోలు ముందే నమ్మకమైన వారి దగ్గర దాచండి. పాస్‌పోర్టు అతను లాక్కుంటే పోలీసు రిపోర్టు తీసుకుని భారత కాన్సులేటులో కొత్తదానికి దరఖాస్తు చేయవచ్చు.

పిల్లలను తీసుకుని మొదటి విమానానికి ఇండియా వెళ్ళిపోవాలన్న ఆలోచన సహజమే అయినా, న్యాయవాదిని అడగకుండా ఆ పని చేయవద్దని గట్టిగా చెబుతాను. 1993 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం తండ్రి హక్కులకు అడ్డుపడేలా పిల్లలను దేశం దాటించడం నేరం కావచ్చు. హింస నుంచి తప్పించుకునేందుకే వెళ్ళానని చెప్పుకునే వీలు ఆ చట్టంలోనే ఉన్నా, కేసులో ఇరుక్కున్నాక ఆ వాదన వినిపించడం కంటే ముందే రక్షణ ఉత్తర్వుతో పాటు పిల్లల తాత్కాలిక కస్టడీ కోరడం ఎంతో క్షేమం.

సంపాదన మాటకొస్తే, హెచ్-1బి భర్త చేతిలో హింసకు గురైన హెచ్-4 భార్య అతని సంతకం లేకుండానే ఐ-765వి ఫారంతో పని అనుమతి కోరవచ్చు. భర్తకు గ్రీన్‌కార్డు గానీ పౌరసత్వం గానీ ఉంటే, 1994 నాటి చట్టం కింద అతని ప్రమేయం లేకుండా గ్రీన్‌కార్డుకు దారితీసే ఐ-360 దరఖాస్తు ఆమె స్వయంగా పెట్టుకోవచ్చు. ఆ సంగతి ప్రభుత్వం అతనికి తెలియజేయకూడదు. దర్యాప్తుకు సహకరించిన బాధితులకు యు వీసా ఉంది గానీ, ఏడాదికి ప్రధాన దరఖాస్తుదారులకు 10,000 మాత్రమే ఇస్తారు, ఏళ్ళ తరబడి వేచి ఉండాలి.

ఇక్కడి తెలుగు సంఘాల పెద్దలకు ఒక మనవి: ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ కుదర్చవద్దు. ఇల్లు విడిచే సమయమే ఆమెకు అన్నిటికంటే ప్రమాదకరమైనది, ఆమె ఎక్కడుందో మీ నోట బయటపడకూడదు. ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులు "సర్దుకుపో తల్లీ" అనడం మాని, జాతీయ మహిళా కమిషన్ ఎన్నారై సెల్‌కు గానీ, తెలంగాణ వారైతే రాష్ట్ర పోలీసు మహిళా భద్రతా విభాగానికి గానీ అక్కడి నుంచే ఫిర్యాదు చేయవచ్చు.