ఆ చివరి మార్ఫిన్ డోసే అమ్మ ప్రాణం తీసిందా?

ప్రశ్న: నా వయసు 46. క్యాన్సర్‌తో మంచం పట్టిన అమ్మకు ఏడాదికి పైగా ఇంట్లోనే సేవ చేశాను. పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బులో బాధ తగ్గించే వైద్యం) డాక్టర్ చెప్పిన ప్రకారమే నొప్పి తగ్గించే మార్ఫిన్ ఇచ్చేదాన్ని. ఆఖరి డోసు ఇచ్చిన రెండు గంటలకు అమ్మ పోయింది. ఆ డోసే ప్రాణం తీసిందేమోనని భయం. ఆ క్షణంలో ‘హమ్మయ్య’ అనిపించింది కూడా. అది గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. నాలుగు నెలలైనా మందు వేళకు, రాత్రి రెండింటికి మెలకువ వస్తోంది. నిద్రమాత్రలు వాడవచ్చా?

జవాబు: ముందుగా మీ భయం సంగతి. డాక్టర్ చెప్పిన మోతాదులో, నొప్పిని బట్టి కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చే మార్ఫిన్ ప్రాణం తీయదు. అమ్మగారిని తీసుకెళ్లింది క్యాన్సర్. చివరి గంటల్లో ఊపిరి మధ్యమధ్య ఆగడం, గొంతులో గురగుర వినిపించడం అవయవాలు ఒక్కొక్కటిగా పని మానేయడం వల్ల జరుగుతాయి. మార్ఫిన్ ఒక్క చుక్క కూడా తీసుకోనివారిలోనూ ఇవి కనిపిస్తాయి. చివరిదాకా మందు ఇస్తున్నప్పుడు ఏదో ఒక డోసు ఆఖరిది కాక తప్పదు. అది మీ చేతి మీదుగా వెళ్లింది, అంతే. ఆమె చివరి గంటలు నొప్పి లేకుండా గడిచాయంటే ఆ చెయ్యే కారణం.

‘హమ్మయ్య’ అనిపించడం గురించి. అమ్మ బాధ తీరిందనే అలా అనిపించిందని మీకు మీరు సర్దిచెప్పుకోనక్కరలేదు. మీ అలసట తీరినందుకు కూడా అనిపించి ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. నెలల తరబడి కంటి నిండా నిద్ర లేని మనిషికి ఊరట, దుఃఖం ఒకేసారి కలుగుతాయి. ఒకటి ఉన్నంతమాత్రాన రెండోది అబద్ధం కాదు. పైగా మీరు అమ్మతో పాటు రోజంతా చేతి నిండా ఉన్న పనినీ పోగొట్టుకున్నారు. ఆ ఖాళీ గురించి చుట్టుపక్కలవాళ్లు అడగరు.

నిద్రమాత్రలు నేను సూచించను. అవి దుఃఖాన్ని తగ్గించవు, అలవాటు మాత్రం అవుతాయి. మెలకువ వస్తే మంచం దిగి కాసేపు కూర్చోండి. ఉదయం ఒకే వేళకు లేవండి. అమ్మగారి కోసం వాయిదా వేసుకున్న మీ బీపీ, షుగర్ పరీక్షలు ఈ వారమే చేయించుకోండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ప్రకారం, ఆప్తులు పోయి కనీసం 6 నెలలు గడిచినా తీవ్రమైన బెంగ తగ్గక, రోజువారీ పనులు సాగకపోతే అది చికిత్స అవసరమైన దీర్ఘకాలిక దుఃఖం. దానికి ప్రత్యేకమైన కౌన్సెలింగ్ ఉంది. అయితే మీలాంటి అపరాధ భావానికి అన్ని రోజులు ఆగనక్కరలేదు. చనిపోవాలనిపించినా, తిండి మానేసినా, మద్యం అలవాటైనా మాత్రం ఆ రోజే మానసిక వైద్యులను కలవాలి.

రోగి పోయాక కుటుంబానికి తోడుండటం కూడా పాలియేటివ్ కేర్‌లో భాగమే. అమ్మగారికి వైద్యం చేసిన డాక్టర్‌ను కలవండి. మందుల చీటీలు దగ్గర పెట్టుకుని, ఆ రాత్రి ఏం జరిగిందో వివరించమని అడగండి. తోడుగా ఇంట్లో ఒకరిని తీసుకెళ్లండి. ఆ మాటలు వాళ్లూ వినాలి.