వణుకు జబ్బు స్కాన్ తీసే కోర్సులో చేరొచ్చా?

"మా తాతయ్యకు చేయి వణుకుతోందని ఏడాదిపాటు పార్కిన్సన్స్ మందులు వాడారు సార్. చివరికి ట్రోడాట్ స్కాన్ తీయిస్తే అది కాదన్నారు. నేను బైపీసీ సెకండియర్, ఎంబీబీఎస్ సీటు వచ్చేలా లేదు. ఆ స్కాన్ తీసే కోర్సులో చేరొచ్చా?" అని ఒకమ్మాయి అడిగింది.

చేరొచ్చమ్మా. కాకపోతే పార్కిన్సన్స్ అని తేల్చేది స్కాన్ కాదు, న్యూరాలజిస్టు. నడక, బిగుసుకుపోయిన చేతులు, కదలికల్లో నిదానం చూసి చాలామందికి అక్కడే చెప్పేస్తారు. ఇది పార్కిన్సన్సా, ఉత్త ఎసెన్షియల్ ట్రెమరా (ప్రధానంగా వణుకు మాత్రమే ఉండే వేరే సమస్య) అన్నది తేలనప్పుడు ట్రోడాట్ అక్కరకొస్తుంది. టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన మందు రక్తనాళంలోకి ఎక్కిస్తే అది మెదడులో, కదలికలకు కావాల్సిన డోపమైన్ రసాయనాన్ని అందించే నరాల చివర్లకు అతుక్కుంటుంది. అంతా బాగుంటే బొమ్మలో రెండు కామాలు కనిపిస్తాయి, జబ్బుంటే తోకలు పోయి ఫుల్‌స్టాపులు మిగులుతాయి. కానీ పీఎస్‌పీ, ఎంఎస్ఏ లాంటి దగ్గరి జబ్బుల్లోనూ బొమ్మ ఇంచుమించు ఇలాగే వస్తుంది, వాటిని విడదీయాలంటే ఎంఆర్ఐ, ఎఫ్‌డీజీ పెట్ (మెదడు గ్లూకోజును ఎలా వాడుకుంటోందో చూపే స్కాన్) కూడా చూడాలి.

ఇక కోర్సు. ఇక్కడే చాలామంది పొరబడతారు. రేడియాలజీ ఇమేజింగ్‌లో చేరితే ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్ఐ నేర్పిస్తారు. నీకు కావాల్సింది బీఎస్సీ న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజీ, పుదుచ్చేరి జిప్మర్‌లో, మణిపాల్‌లో ఉంది. రిపోర్టు రాసేది మాత్రం ఎంబీబీఎస్ తర్వాత ఎండీ చేసిన డాక్టరే. నీ చేత్తో తీసిన స్కాన్ మీద ఇంకొకరి సంతకం ఉంటే బాధనిపిస్తుందేమో ఇప్పుడే ఆలోచించుకో.

పని ఎలా ఉంటుందంటే, టెక్నీషియం రేడియోధార్మికత ఆరు గంటలకోసారి సగానికి తగ్గిపోతుంది కాబట్టి పేషెంటు ఆలస్యంగా వస్తే నీకు టెన్షన్. ఇంజెక్షన్ ఇచ్చి మూడు నాలుగు గంటలు ఆగాలి, తర్వాత అరగంట తల కదలకుండా పడుకోబెట్టాలి, అదీ వణికే మనిషిని! అసలు నేర్పు అక్కడే ఉంది. మీ తాతయ్యను బుజ్జగించి పడుకోబెట్టినవాళ్లు ఎవరో గుర్తు తెచ్చుకో.

రేడియేషన్ అని అమ్మ భయపడితే, ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జ్ ఒంటి మీద ఉంటుందనీ, ఏ ఏడాదైనా ఆ మోతాదు 30 మిల్లీసీవర్టులు దాటకూడదని అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) నిబంధన ఉందనీ చెప్పు. రోజూ మెదడు స్కాన్లే ఉంటాయనుకోకు, ఎక్కువ భాగం క్యాన్సర్, ఎముకలు, థైరాయిడ్ కేసులే. ఉద్యోగాలూ పెద్ద ఊళ్లలోనే. ఫీజు కట్టేముందు కాలేజీకి ఈ స్కాన్లు తీసే సొంత గామా కెమెరా, రేడియోధార్మిక మందులు తయారుచేసే హాట్ ల్యాబ్ ఉన్నాయా అని అడిగి, వెళ్లి కళ్లారా చూసి రా.