పోలీసులు రాసుకున్నది ఒకటి, నేను చూసింది ఒకటి: కోర్టులో ఏం చెప్పాలి?

ప్రశ్న: బస్టాండు దగ్గర నాకు ఉగ్గాని, బజ్జీల అంగడి ఉంది. పోయిన ఏడాది చలికాలంలో ఒకరోజు తెల్లవారుజామున పొయ్యి రాజేస్తుంటే ఎదురు సందులో గొడవ జరిగింది. ఒకాయన చనిపోయాడు. ఇద్దరు పరిగెత్తుకుంటూ పోవడం చూశాను, అందులో ఒకడిని గుర్తుపట్టాను. పోలీసులకు అదే చెప్పాను. ఇప్పుడు సెషన్స్ కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. పీపీ (ప్రభుత్వం తరపున వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారి ఆఫీసులో నా స్టేట్‌మెంట్ చదివి వినిపించారు. 'కత్తితో పొడవడం కళ్లారా చూశాను' అని ఉంది అందులో. ఆ మాట నేను అనలేదు. ఈ మధ్య మా అబ్బాయి అమెరికాలో ఓజే సింప్సన్ అనే ఆటగాడి మీద నడిచిన హత్య కేసు సీరియల్ చూపించాడు. లాయర్లు ఒక పోలీసు సాక్షిని అబద్ధాలకోరని తేల్చేశారు. చివరికి జ్యూరీ (దోషో కాదో తేల్చడానికి కూర్చోబెట్టిన మామూలు జనం) ముద్దాయిని వదిలేసింది. అది చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు సార్. స్టేట్‌మెంట్‌కు వేరుగా చెబితే నన్ను జైల్లో పెడతారా? అసలు పోకుండా ఉంటే ఏమవుతుంది?
– ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా

జవాబు: ముందు మీ పెద్ద భయం తీర్చేస్తాను. కోర్టులో నిజం చెప్పినందుకు, అది పోలీసులు రాసుకున్నదానికి వేరుగా ఉన్నా సరే, మిమ్మల్ని జైల్లో పెట్టరు. పొడవడం చూడకపోతే చూడలేదనే చెప్పండి.

దర్యాప్తులో పోలీసులు సాక్షుల దగ్గర రాసుకునేదాన్ని కోర్టు వరండాల్లో మేము ఇప్పటికీ '161 స్టేట్‌మెంట్' అనే అంటాం. 161 అన్నది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ నంబరు. 2024 జూలై 1న దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చాక అది 180వ సెక్షన్ అయింది. నంబరు మారినా సంగతి పాతదే. దాని మీద సాక్షి చేత సంతకం పెట్టించకూడదు. దాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. ప్రమాణం చేసి బోనులో మీరు నోటితో చెప్పేదే సాక్ష్యం. 'అప్పుడు అలా చెప్పి ఇప్పుడు ఇలా చెబుతున్నావేం' అని నిలదీయడానికే ఆ కాగితం పనికొస్తుంది. అడిగితే తడబడకండి. 'పరిగెత్తడం చూశానన్నాను, పొడవడం చూశానని చెప్పలేదు, అలా ఎందుకు రాశారో నాకు తెలియదు' అనండి. ఆ పైన దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు ఆయన జవాబు చెప్పుకుంటారు.

ఒక్క విషయం గుర్తు చేసుకోండి. మిమ్మల్ని మేజిస్ట్రేట్ గారి ముందుకు కూడా తీసుకెళ్లారా? హత్యలాంటి పెద్ద కేసుల్లో పోలీసులు సాక్షిని తీసుకొస్తే మేజిస్ట్రేట్ వాంగ్మూలం రాసుకోవాలని కొత్త చట్టం 183వ సెక్షన్ చెబుతోంది. అక్కడ ప్రమాణం మీద చెప్పి, ఇప్పుడు దానికి అడ్డంగా మాట్లాడితే లెక్క వేరు. మీ ప్రశ్నలో ఆ ఊసు లేదు కాబట్టి ఇవ్వలేదనే అనుకుంటున్నాను. ఇచ్చి ఉంటే మాత్రం అందులో ఏముందో పీపీ గారిని అడిగి తెలుసుకోండి.

కత్తి మాట మీది కాదన్న సంగతి వాయిదా కంటే ముందే పీపీ గారికి చెప్పేయండి. ఆయన మిమ్మల్ని 'హోస్టైల్' అనొచ్చు. ఆ మాట వినగానే చాలామంది నేరం చేసినట్టు వణికిపోతారు. అది శిక్ష కాదండీ. తను పిలిపించిన సాక్షినే క్రాస్ చేయడానికి, అంటే ఎదురు ప్రశ్నలు వేయడానికి, పీపీ తీసుకునే అనుమతి, అంతే. మీరు చెప్పినదాంట్లో నమ్మదగ్గ భాగాన్ని కోర్టు అప్పుడూ తీసుకుంటుంది. ఒకడిని గుర్తుపట్టానన్న మాట కొట్టుకుపోదు.

అసలు ప్రమాదం ఇంకోవైపు ఉంది. పోలీసులు రాసేశారు కదా అని చూడనిది చూశానంటే, అది తెలిసి చెప్పిన అబద్ధం అవుతుంది. తప్పుడు సాక్ష్యానికి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ఉరిశిక్ష పడగల కేసులో ఎదుటివాడికి ఆ శిక్ష పడాలని అబద్ధం చెబితే యావజ్జీవం దాకా పోతుంది.

మీరు చూసిన సీరియల్‌లోనూ జరిగింది అదే. 1994 జూన్ 12 రాత్రి లాస్ ఏంజెలిస్‌లో సింప్సన్ మాజీ భార్య నికోల్, ఆమె స్నేహితుడు రాన్ గోల్డ్‌మన్ హత్యకు గురయ్యారు. ఆ కేసులో మార్క్ ఫర్మన్ అనే డిటెక్టివ్, నల్లజాతివాళ్లను తిట్టే ఒక మాటను పదేళ్లలో ఒక్కసారి కూడా వాడలేదని ప్రమాణం మీద చెప్పాడు. తర్వాత టేపులు బయటపడ్డాయి. వాటిలో అతని గొంతే ఆ మాట పదేపదే అంటోంది. 1996లో అబద్ధపు సాక్ష్యం కేసులో అతనికి శిక్ష కూడా పడింది. అతన్ని ముంచింది అతని నోటిమాటే.

జ్యూరీ సంగతి: మనకు లేదు. ఒకప్పుడు ఉండేది. 1959లో బొంబాయిలో నానావతి అనే నౌకాదళ అధికారి మీద నడిచిన హత్య కేసులో జ్యూరీ ఎనిమిది మంది ఒకవైపు, ఒకరు ఒకవైపుగా నిర్దోషి అంది. సెషన్స్ జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు పంపారు. అక్కడ పడిన యావజ్జీవాన్ని 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. తర్వాత వచ్చిన 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటు లేకుండా పోయింది. మీ మాట వినేది ఒక్క జడ్జిగారే. దాన్ని నమ్మినా నమ్మకపోయినా ఎందుకో ఆయన తీర్పులో రాయాలి.

క్రాస్‌లో మిమ్మల్ని ఎక్కువగా అడిగేది వెలుతురు గురించి, దూరం గురించి. తెల్లవారుజాము కాబట్టి స్తంభం మీద లైటు వెలుగుతోందా, మంచు ఉందా, పొయ్యి పొగ కళ్లలో పడలేదా, సందు మలుపు మీ అంగడికి ఎన్ని అడుగులు అని తిప్పి తిప్పి అడుగుతారు. అడుగుల లెక్క తెలియకపోతే ఊహించి చెప్పొద్దు. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో ఒక గొర్రెల కాపరిని దూరమెంత అని అడిగితే, బోనులోంచి చెయ్యి చాపి 'ఇక్కడి నుంచి ఆ గడియారం గోడకు రెండింతలు' అన్నాడు. జడ్జిగారు అది అలాగే రాయించారు. ఎన్ని ప్రశ్నలు వేసినా ఆ మాట కదల్లేదు. 'గుర్తులేదు', 'చూడలేదు' కూడా పూర్తి జవాబులే. కావాలని అవమానించే ప్రశ్నలు వేస్తే ఆపే అధికారం జడ్జిగారికి ఉంది.

ఇంకొకటి, దీన్ని మాత్రం వదలొద్దు. మీరు తెలుగులో చెబుతారు, అక్కడ చాలాసార్లు ఇంగ్లీషులో టైపు అవుతుంది. అయిపోయాక చదివి వినిపించమని, తెలుగులో చెప్పమని అడగండి. అది మీ హక్కు. 'పరిగెత్తాడు' అన్నది 'పొడిచి పరిగెత్తాడు' అని పడి ఉంటే అక్కడికక్కడే చెప్పండి.

పోకుండా ఉండొద్దు. ముందు బెయిలబుల్ వారంటు, అప్పటికీ రాకపోతే నాన్‌బెయిలబుల్ వారంటు వస్తుంది, జరిమానా కూడా పడొచ్చు. ఒంట్లో బాగోకపోతే ముందే పీపీ గారికి కబురు చేయండి. అంగడి మూసుకుని వస్తున్నారు కాబట్టి సాక్షి బత్తా (కోర్టుకు వచ్చినందుకు సాక్షికిచ్చే ఖర్చుల డబ్బు) అడగడానికి మొహమాటపడొద్దు.

మీరు గుర్తుపట్టినవాడి తరపువాళ్లు మాట్లాడుకుందాం అంటూ వస్తే వాళ్లతో కూర్చోవద్దు. హత్య కేసుకు రాజీ లేదు. అబద్ధం చెప్పమని బెదిరిస్తే అది భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 232వ సెక్షన్ కింద వేరే నేరం. అలాంటి రోజు వస్తే సాక్షుల రక్షణ పథకం, 2018 కింద దరఖాస్తు పెట్టుకోండి. సుప్రీంకోర్టు దేశమంతా అమలు చేయమన్న పథకం అది. జిల్లా జడ్జిగారు అధ్యక్షులుగా ఉన్న కమిటీ చూస్తుంది.

వాయిదా రోజు సమన్లు, ఆధార్ తీసుకుని పదిన్నరకల్లా వెళ్లి, వచ్చానని పీపీ గారికి కనబడండి. తర్వాత వరండాలోనే కూర్చోండి. టీకి కూడా దూరం పోవద్దు, బంట్రోతు మీ పేరు పిలిస్తే వినబడాలి.