కరోనా లాంటి విపత్తులో మెడికల్ స్టూడెంట్లను వార్డుల్లో పెట్టడం సరైనదేనా? వాళ్లకు ఎలాంటి శిక్షణ, అండ కావాలి?

పెట్టవచ్చు, కానీ పక్కన సీనియర్ ఉంటేనే. 2021 సెకండ్ వేవ్‌లో నేను కోస్తాలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో హౌస్ సర్జన్‌ని, అంటే ఎంబీబీఎస్ చివర్లో ఆసుపత్రిలో పనిచేసే ఇంటర్న్‌ని. ఇంటర్న్‌లను అధ్యాపకుల పర్యవేక్షణలో కోవిడ్ డ్యూటీలకు వాడుకోవచ్చని, ఫైనలియర్ వాళ్లతో లక్షణాలు తక్కువున్న వాళ్లను ఫోన్‌లో కనిపెట్టుకునే పని చేయించవచ్చని మే 3న కేంద్రం చెప్పింది. ఆ "పర్యవేక్షణ" అన్నదే మాకు మొదటి వారం దొరకలేదు.

మా ట్రైనింగ్ మొత్తం గంటన్నర, ఎక్కువసేపు స్లైడ్లే. పీపీఈ కిట్ తొడుక్కోవడం చూపించారు, విప్పడం చేయించలేదు. అసలు ప్రమాదం విప్పేటప్పుడే. తర్వాత ఒక పీజీ అక్క పట్టుబట్టి మమ్మల్ని జంటలుగా నిలబెట్టింది. ఒకరు విప్పుతుంటే రెండోవాళ్లు తప్పు పట్టుకోవాలి.

నాకు నిజంగా పని నేర్పింది ఆవిడే, అదీ పేషెంటు మంచం పక్కనే. ముక్కు గొట్టాలతో నిమిషానికి అయిదు లీటర్ల ఆక్సిజన్ పెట్టినా సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90 దాటట్లేదంటే సంచి ఉన్న మాస్కుకు మార్చాలి. దానికి 10–15 లీటర్లు కావాలి, పీల్చినప్పుడు సంచి పూర్తిగా ముడుచుకుపోకూడదు. మనిషిని బోర్లా పడుకోబెట్టి చూడాలి. వేళ్లు చల్లబడినా, గోళ్లకు రంగున్నా ఆక్సీమీటర్ అంకెను నమ్మకూడదు. పుస్తకంలో చదివినవే, కానీ చేత్తో చేశాకే వచ్చాయి.

ఎవరూ నేర్పనిది ఇంకొకటుంది. ఒకరోజు తెల్లవారుజామున ఒక పెద్దాయన పోయారు. ఆరింటికి కొడుకు క్యారేజీతో వచ్చి, "ఈ ఇడ్లీ కాస్త పెట్టించండి మేడం, రాత్రి నాన్న ఏం తినలేదంట" అన్నాడు. చెప్పాల్సింది నేనే. ఏం చెప్పానో ఇప్పటికీ సరిగా గుర్తులేదు, ఆ క్యారేజీ మాత్రం గుర్తుంది. హాస్టల్‌కెళ్లి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. చావు కబురు చెప్పడానికి విద్యార్థిని ఒంటరిగా పంపకూడదు. ముందు సీనియర్ చెప్తుంటే పక్కన నిలబడి వినాలి.

మిగతావి చిన్నవే: డ్యూటీ దిగేసరికి వేడి అన్నం, ఇంటికి వెళ్లలేని వాళ్లకు గది, మాకే జబ్బు చేస్తే ఎక్కడ మంచం దొరుకుతుందో, ఎవరికి ఫోన్ చేయాలో ముందే రాసిచ్చిన కాగితం.

ఇప్పుడు నేను పీజీని. కొత్త హౌస్ సర్జన్ల మొదటి నైట్ డ్యూటీకి నా పేరు కూడా వేయమని అడిగి మరీ వేయించుకుంటాను.