సీపీఎల్ తిప్పినా ఆకాశం మారట్లేదా? ముందు సూర్యుడు ఎటున్నాడో చూడండి

కొత్తగా కొన్న సీపీఎల్ ఫిల్టర్‌ను (సర్క్యులర్ పోలరైజర్, అంటే లెన్స్ ముందు బిగించి, తిప్పుతూ మెరుపును తగ్గించి ఆకాశాన్ని ముదురు చేసే అద్దం) అలిపిరి దగ్గర ఎంత తిప్పినా ఆకాశంలో తేడా రాలేదు, డూప్లికేట్ అంటగట్టారేమో, ఆదివారం తలకోన జలపాతానికి తీసుకెళ్లాలా వద్దా అని కదా మీ టెన్షన్.

డూప్లికేటో కాదో ఇంట్లోనే తేలిపోతుంది. ల్యాప్‌టాప్‌లో తెల్ల పేజీ తెరిచి, ఫిల్టర్ ముందు వైపును స్క్రీన్‌కేసి పెట్టి, మర ఉన్న వైపు నుంచి చూస్తూ తిప్పండి. ఒక చోట స్క్రీన్ దాదాపు నల్లబడితే అది పోలరైజరే.

ఇక ఆకాశం. సూర్యుడు ఎదురుగానో వీపు వెనకో ఉంటే ఎంత తిప్పినా దండగ. చూపుడు వేలు సూర్యుడి వైపు చాచి, బొటనవేలు నిటారుగా పెట్టి మణికట్టు తిప్పండి. బొటనవేలు చూపించే చోటల్లా, అంటే సూర్యుడికి 90 డిగ్రీల్లో, నీలం బాగా ముదురుతుంది. తిరుపతిలో మనకిది కలిసొచ్చింది. కొండలు ఊరికి ఉత్తరాన ఉన్నాయి కాబట్టి పొద్దున్నా, సాయంత్రమూ ఎండ పక్క నుంచే పడుతుంది. మరీ వైడ్‌లో తీస్తే మాత్రం ఆకాశం ఒక పక్క ముదురుగా, ఇంకో పక్క లేతగా వస్తుంది. కొంచెం జూమ్ చేయండి.

తలకోనలో ఆకాశాన్ని వదిలేయండి, చెట్ల గుబురులో కనిపించేదే తక్కువ. అక్కడ నేను ఫిల్టర్ పెట్టేది తడి రాళ్ల కోసం. ఒక బండను ఎంచుకుని, దాన్నే చూస్తూ మెల్లగా తిప్పండి. పైన తెల్లటి మెరుపు తగ్గేకొద్దీ బండ అసలు రంగు, సందుల్లోని పాచి, సన్నటి చారలు ఒక్కొక్కటే బయటపడతాయి. ఆకుల మీద మైనం పూసినట్టుండే జిగి కూడా పోయి పచ్చదనం తేలుతుంది. మబ్బు పట్టినా ఇది పనిచేస్తుంది. ఆకాశాన్ని ఎడిటింగ్‌లో ముదురు చేసుకోవచ్చు గానీ, మెరుపు కింద పోయిన రంగును తిరిగి తేలేం. మడుగు మీద మెరుపంతా తుడిచేస్తే నీళ్లకు జీవం ఉండదు, నేనైతే సగంలో ఆపేస్తా. తుంపరల్లో ఇంద్రధనుస్సు పడితే ఇంకా జాగ్రత్త, తిప్పుడు ఎక్కువైతే అదీ మాయమవుతుంది.

ఫిల్టర్ పెడితే వెలుతురు ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల దాకా తగ్గుతుంది (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమైనట్టు). షటర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలి కాబట్టి ఆ నీడలో ట్రైపాడ్ తప్పదు. నీళ్లు పాలధారలా కావాలంటే ఆ తగ్గడమే మనకు లాభం.

కెమెరాను నిలువుకు తిప్పినప్పుడల్లా ఫిల్టర్‌ను మళ్లీ సర్దుకోవాలి. బిగుసుకునే వైపే తిప్పండి, లేదంటే ఊడి నీళ్లలో పడుతుంది. లెన్స్‌కు ముందే యూవీ ఫిల్టర్ ఉంటే తీసేయండి, రెండూ కలిస్తే వైడ్‌లో మూలలు నల్లబడతాయి.